12 మీటర్ల వైరు, 80 మీటర్ల బ్యాండ్: ఎస్‌డబ్ల్యూఆర్ బాగుంది కానీ ఎవరికీ వినపడట్లేదు

ప్రశ్న: అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లె, హామ్ రేడియో (ఔత్సాహికుల రేడియో) నడుపుతాను. పెరట్లో కొబ్బరిచెట్టుకి 12 మీటర్ల వైరు యాంటెన్నాగా నిలువుగా వేలాడదీశాను. 40 మీటర్ల బ్యాండ్‌లో (తరంగం పొడవు సుమారు 40 మీటర్లు) హాయిగా పలుకుతోంది. 80లో మాత్రం గదిలోని ట్యూనర్ (యాంటెన్నాని రేడియోకి జత కుదిర్చే పెట్టె) ఎస్‌డబ్ల్యూఆర్ (ఆ జత ఎంత బాగా కుదిరిందో చెప్పే అంకె, 1 అయితే ఉత్తమం) 1.1 చూపిస్తున్నా ఎవరూ బదులివ్వట్లేదు. కౌంటర్‌పాయిజ్ వైర్లు (యాంటెన్నాకి జోడీగా నేల మీద వేసేవి) నాలుగు పరిచాను.

జవాబు: 40లో పావు తరంగం దాదాపు 10 మీటర్లు, మీ వైరు సరిపోయింది. 80 బ్యాండ్‌లోని 3.6 మెగాహెర్ట్జ్‌కి అది 20 మీటర్లు కావాలి. మీ 12 మీటర్ల వైరు రేడియేషన్ రెసిస్టెన్స్ (పవర్‌ని గాల్లోకి పంపే భాగం) అక్కడ సుమారు 8 ఓమ్‌లే. నేల నష్టం 30 ఓమ్‌లుంటే, 100 వాట్లలో 20 పైచిలుకే గాల్లోకి వెళ్తాయి, మిగతాది మట్టిని వేడిచేస్తుంది. ట్యూనర్ రిగ్‌ని (రేడియో సెట్టుని) శాంతపరుస్తుంది తప్ప ఈ నష్టాన్ని తగ్గించలేదు. పైగా ట్యూనర్ గదిలో ఉంటే కోయాక్స్‌లోనూ (రిగ్ నుంచి యాంటెన్నాకి వెళ్లే కేబుల్) కొంత పోతుంది.

80కి వైరు పొడవు లోటు పూడ్చడానికి దాని మొదట్లోనే కాయిల్ పెట్టండి. లెక్కకి 19 మైక్రోహెన్రీలు వస్తోంది. 63 మిల్లీమీటర్ల పీవీసీ పైపు మీద ఇంటి వైరింగు తీగ 25 చుట్లు చుట్టి, ఒక్కొక్కటే విప్పుతూ చూడండి. 20 దగ్గర కుదరొచ్చు. 40కి మారినప్పుడు కాయిల్‌ని బైపాస్ చేయాలి. తర్వాత నేల మీద ఇంకో డజను వైర్లు పరవండి. పొట్టివైనా ఫర్లేదు, ఎక్కువుండాలి.

అడిగినవారు: 21 చుట్లకి ట్యూనర్ లేకుండానే 1.3 వచ్చింది! కానీ వైర్లు 16 చేశాక 2కి పెరిగింది. బ్యాండ్‌లో మంచిగా ఉండే మేర కూడా తగ్గింది. కొత్త వైర్లు తీసేయనా?

జవాబు: వద్దండీ, తీయకండి! మీరు గెలిచిన గుర్తే అది. ఇదివరకు 8కి నేల నష్టం 30 కలిసి, రిగ్ కోరే 50 ఓమ్‌లకి దగ్గరగా కనిపించేది. ఇప్పుడు నష్టం తగ్గి మొత్తం 25 ఓమ్‌లకి దిగింది, అందుకే 2. ఈ బ్యాండ్‌లో 2 వల్ల కోయాక్స్‌లో పోయేది లెక్కలోకి రాదు, దాన్ని ట్యూనర్‌తోనే సర్దుకోండి.

ఒక్క జాగ్రత్త: 100 వాట్లకి కాయిల్ పైకొసన, వైరు చివర వందల వోల్టులుంటాయి. దింపు తీసేవాళ్లు చెట్టెక్కే రోజు రిగ్ పూర్తిగా ఆపేయండి.

అడిగినవారు: రాత్రి 9కి బెంగళూరు స్టేషన్ 5-7 (మాట పూర్తి స్పష్టం, సిగ్నల్ ఓ మోస్తరు బలం) ఇచ్చింది. కాయిల్ మీద డబ్బా బోర్లించాను, వాన పడకుండా. 73 (శుభాకాంక్షలు).