డ్రాగన్‌బోర్న్ పుట్టుక: ఏ ఎడిషన్ మాట పట్టుకోవాలి?

పెన్నాగట్టు
నెల్లూరులో ఐదుగురం ఆదివారాలు డంజన్స్ & డ్రాగన్స్ (పాచికలేసి కథ నడిపే ఆట) ఆడతన్నాం. కథ జరిగేది ఫర్గాటెన్ రెల్మ్స్ అనే లోకంలో, అక్కడి డేల్ రెకనింగ్ లెక్కలో 1372వ సంవత్సరం. డ్రాగన్‌బోర్న్ (డ్రాగన్ రూపం మనుషులు) పాత్రలు ఇద్దరున్నారు. ఒకడేమో మేం బహముట్ అనే డ్రాగన్ దేవుడి భక్తులం అంటాడు, ఇంకొకడు డ్రాగన్లంటేనే మాకు పడదు, వాటి కింద బానిసలుగా బతికాం అంటాడు. ఊపిరి దెబ్బ (డ్రాగన్‌లా నోటితో ఊది కొట్టే దాడి) లెక్క కూడా కలవట్లా: ఒకడిది 2014 రూల్ పుస్తకం, ఇంకొకడిది 2024ది. ఎట్టా సర్దాలి?

ఒంగోలుగిత్త
ఇద్దరు చెప్పేదీ నిజమే అన్నా, చిక్కంతా మీ 1372లో ఉంది.

2006లో 3.5 ఎడిషన్‌కి వచ్చినోళ్ళు అసలు జాతే కాదు. మనిషో మరుగుజ్జో బహముట్‌కి మొక్కుకుని, క్రతువు చేసి, గుడ్డులోంచి మళ్ళీ పుడతాడు. 2008లో నాలుగో ఎడిషన్ వాళ్ళని సొంత జాతి చేసింది. అప్పుడు రెల్మ్స్‌లో వాళ్ళకి చోటు చూపించాలి గదా, 1385లో స్పెల్‌ప్లేగ్ అనే మంత్రాల ఉత్పాతంలో అబైర్ అనే జంటలోకం ముక్క ఊడొచ్చి ఉంథెర్ అనే రాజ్యం ఉన్నచోట కూర్చుందన్నారు. ఉదయగిరి కొండ పెకలించి కావలి మీద పెట్టినట్టు! అదే డ్రాగన్‌బోర్న్‌ల దేశం టైమాంథెర్. బానిసత్వం, ఆ కోపం అబైర్ నాటివి.

అంటే 1372లో మీ రెండోవాడికి ఊరే లేదు. వాడిని కూడా బహముట్ క్రతువులో పుట్టించండి, లేదా కథని 1490లకి జరపండి. జరిపితే ఒకటి గుర్తుపెట్టుకోండి, అప్పటికి ఉంథెర్ తిరిగొచ్చి టైమాంథెర్ నేల చాలావరకు పోయుంటుంది.

చేపలపులుసు
పుట్టుక ఏదైనా పెట్టుకోండి, ఊపిరికి మాత్రం ఒకే పుస్తకం.

2014లో దెబ్బ 2డి6 (ఆరు ముఖాల పాచికలు రెండు), ఆ వంతులో చేసే పని (యాక్షన్) మొత్తం పోద్ది, షార్ట్ రెస్ట్‌కోసారి (చిన్న విశ్రాంతి). ఐదో లెవెల్ ఫైటర్ సగటు 7 కోసం రెండు కత్తి దెబ్బలు వదులుకోవాలి, ఎవడు వాడతాడు? 2024లో ఒక్క దెబ్బ బదులు ఊదితే చాలు. 1డి10తో మొదలై ఐదో లెవెల్‌కి 2డి10, సగటు 11. ప్రొఫిషెన్సీ బోనస్ (లెవెల్‌తో పెరిగే అంకె) ఎంతుంటే అన్నిసార్లు, మళ్ళీ నిండేది లాంగ్ రెస్ట్‌కే (రాత్రి నిద్రలాంటి పెద్ద విశ్రాంతి). కోన్ ఆకారమా, నిటారు లైనా అన్నది ఊదేటప్పుడే చెప్పొచ్చు.

కొత్త డైస్ ఇచ్చి పాత షార్ట్ రెస్ట్ ఉంచారో, లెక్క చెడిపోద్ది. సేవ్ (దెబ్బ తగ్గించుకోడానికి ఎదుటోడేసే పాచిక) కూడా చూసుకోండి: పాతదాంట్లో చలి ఊపిరికీ విషం ఊపిరికీ కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టితనం), కొత్తదాంట్లో అన్నిటికీ డెక్స్‌టెరిటీనే (చురుకుదనం).

పెన్నాగట్టు
సరే, 1490కి జరుపుతా, ఊపిరి 2024ది. డ్రాకోనియన్లూ వీళ్ళేనా? విలన్లుగా దింపుదామని.

ఒంగోలుగిత్త
కాదు, వాళ్ళది డ్రాగన్‌లాన్స్ అనే వేరే లోకం, 1984 నాటి సరుకు. మంచి డ్రాగన్ల గుడ్లను మంత్రంతో చెడగొట్టి పుట్టించినోళ్ళు. దింపేటప్పుడు చావు రూల్ వదలొద్దు, మజా అంతా అక్కడే. వాళ్ళలో బాజ్ అనే రకంవాడు చస్తే రాయైపోతాడు, పొడిచిన కత్తి అందులోనే ఇరుక్కుంటది. కపాక్ రకం అయితే యాసిడ్ మడుగైపోతాడు. అందుకని కపాక్‌లని ఇరుకు సందులో పెట్టండి, బాజ్‌లని ఒకటే కత్తి ఉన్నోడి ముందు.