పోటీ కంపెనీలతో కలిసి వాడే కోడ్‌లో ఏది ఇచ్చేయాలి, ఏది దాచుకోవాలి?
అందరికీ నమస్కారం. లినక్స్ కెర్నల్‌కి (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కోడ్) ఇంటెల్, ఏఎండీ రెండూ ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) పంపుతాయి, చిప్‌ల మార్కెట్లో మాత్రం ఢీ అంటే ఢీ. అంతవరకు అర్థమైంది, కెర్నల్ బాగుపడితే ఇద్దరికీ లాభమే.

నా భయం వేరు. 2021లో ఎలాస్టిక్‌సెర్చ్ (డేటాలో వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్) లైసెన్స్ మారగానే అమెజాన్ దాని పాత కోడ్ తీసుకుని ఓపెన్‌సెర్చ్ పేరుతో వేరుకుంపటి పెట్టింది. 2024లో రెడిస్ (మెమరీలో డేటా ఉంచే డేటాబేస్) లైసెన్స్ మారినప్పుడు అలాగే దాని కోడ్ నుంచి వాల్కీ పుట్టింది.

మా చిన్న టీమ్ ఇలాంటి ఉమ్మడి ప్లాట్‌ఫామ్ మీదే ఆధారపడింది. స్టోరేజ్ డ్రైవర్‌లో మేం చేసిన మార్పును అప్‌స్ట్రీమ్‌కి (అందరూ వాడే అసలు ప్రాజెక్టుకి) ఇస్తే పోటీదారుకీ అందుతుంది. దాచుకుంటే కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ మేమే కాన్‌ఫ్లిక్ట్‌లు (మా మార్పు, కొత్త కోడ్ పొసగని చోట్లు) సరిచేసుకోవాలి, అది మామూలు చాకిరీ కాదు.

మీరైతే ఎలా తేల్చుకున్నారు? ప్రాజెక్టు ఒకే కంపెనీ చేతిలో ఉందా, ఫౌండేషన్ (ఏ ఒక్క కంపెనీదీ కాని ఉమ్మడి సంస్థ) కింద ఉందా అన్నది కూడా చూశారా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.