పొలంలో తిరిగే రోబోకి ఏ వైర్‌లెస్ మాడ్యూల్ తీసుకోవాలి?

మిర్చిరోవర్_గుంటూరు: అందరికీ నమస్తే. మిర్చి చేలో మందు కొట్టే చిన్న రోబో చేస్తున్నాం, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు. కాలేజీ గ్రౌండులో హెచ్‌సీ-05 బ్లూటూత్‌తో బాగానే తిరిగింది. చేలోకి దింపితే పది మీటర్లు దాటగానే ఆగిపోతోంది. దాని బదులు యాంటెన్నా ఉన్న ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 (2.4 గిగాహెర్ట్జ్ రేడియో మాడ్యూల్) పెట్టాం. ఇది ఇంకా విచిత్రం. ట్యాంకు ఖాళీగా ఉంటే చేను చివరిదాకా పోతుంది, నింపితే సగంలోనే సిగ్నల్ పోతుంది. చాలా టెన్షన్‌గా ఉంది. వచ్చే నెల డెమో. ఏది కొనమంటారు?

గోడౌన్_బండి: తమ్ముడూ, కొనడం తర్వాత. యాంటెన్నా ట్యాంకు వెనక బిగించారా? 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీళ్లు పీల్చేస్తాయి. ట్యాంకు నింపారంటే నీకూ రోబోకీ మధ్య నీళ్ల గోడ కట్టినట్టే. తడి ఆకులూ అంతే. ఒక పీవీసీ పైపు నిలబెట్టి యాంటెన్నాను ట్యాంకు కంటే బాగా ఎత్తులో పెట్టు. మాడ్యూల్‌తో పాటు చిన్న ఆర్డుయినో నానో (కంట్రోలర్ బోర్డు) కూడా పైనే ఉంచి, కిందికి సీరియల్ వైర్లు దింపు. మాడ్యూల్‌నీ బోర్డునీ కలిపే ఎస్‌పీఐ వైర్లు అంత పొడుగు లాగితే డేటా పాడవుతుంది.

లోరా_అభిమాని: పైన అన్న చెప్పింది నిజం. దానికి తోడు, పొలానికైతే నా ఓటు లోరాకే (తక్కువ స్పీడుతో చాలా దూరం పోయే రేడియో). మన దేశంలో 865–867 మెగాహెర్ట్జ్ లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు. 915 అని రాసున్న మాడ్యూల్ అమెరికా బ్యాండుది, ఆర్డర్ పెట్టేముందు చూసుకో. స్పీడు మాత్రం ఆశించకు. ఎస్‌ఎఫ్7, 125 కిలోహెర్ట్జ్ అనే లోరా సెట్టింగులో సెకనుకు దాదాపు 5.5 కిలోబిట్లే. ముందుకు, వెనక్కి, ఆగు, బ్యాటరీ ఎంత, వీటికి అది చాలు.

మిర్చిరోవర్_గుంటూరు: కెమెరా కూడా పెట్టమంటున్నారు మా సార్ 😟

గోడౌన్_బండి: 640×480 బొమ్మలు సెకనుకు 30, కుదించకుండా పంపితే 220 మెగాబిట్లు దాటుతుంది. జేపెగ్ చేసి వైఫై మీద పంపు. కంట్రోల్ మాత్రం వేరే రేడియో మీద ఉంచు, రెండూ కలపొద్దు. ఇంకొకటి, అన్నిటికంటే ముఖ్యం: లింకు తెగితే మీ బండి కోడ్ వల్ల ఆగుతోందా, అదృష్టం వల్లా? మేం చేసిన మొదటి బండి చివరి కమాండే పట్టుకుని నేరుగా పోయి ర్యాకుకి గుద్దుకుంది. ఆ రోజు అక్కడ మనిషి లేడు కాబట్టి సరిపోయింది. అర సెకను కమాండ్ రాకపోతే మోటార్లు ఆగిపోయేలా రోబోలోనే రాయండి.

మిర్చిరోవర్_గుంటూరు: అన్నా, పైపు పెట్టాం. నిండు ట్యాంకుతో చేను చివరిదాకా వెళ్లొచ్చింది! పంపు ఆన్ చేస్తే మాడ్యూల్ రీసెట్ అయ్యేది. మాడ్యూల్ పవర్ నిలకడగా ఉండాలని పెట్టిన 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒక్కటీ చాల్లేదు, విడిగా 3.3 వోల్ట్ రెగ్యులేటర్ ఇచ్చాక ఆగింది. రోబో నడుస్తుండగా రిమోట్ బ్యాటరీ పీకి చూశాం. అడుగు దూరం కూడా పోకుండా నిలబడింది. లోరా ఇప్పుడే కొనడం లేదు. రేపు పొద్దున మంచు ఆరకముందు తడి ఆకుల మధ్య తిప్పి చూసి, ఎంత దూరం వచ్చిందో ఇక్కడే పెడతాను.