కాకి ముట్టడం ఆధారం అవుతుందా?

ప్రశ్న:
నాన్న పదోరోజు గోదావరి గట్టున పిండం పెడితే ముప్పావు గంట ఒక్క కాకీ వాలలేదు. "చెల్లి పెళ్లి బాధ్యత నాది నాన్నా" అని అన్నయ్య దణ్ణం పెట్టాడు. రెండు నిమిషాల్లో ముట్టింది. నేను ఫిజిక్సు లెక్చరర్ని, ఆత్మకి రుజువేదని అందరితో వాదించేవాణ్ణి. ఆ రోజు ఏడ్చేశాను.

జవాబు 1:
అంతకుముందు ఇంకెవరు ఏం మొక్కుకున్నారో చెప్పలేదే? ఆఖరి మాటే గుర్తుంటుందండీ. ఆత్మకి బరువుందేమో చూద్దామని అమెరికాలో మెక్‌డూగల్ అనే డాక్టరు చనిపోతున్న 6 మందిని తూచి, 1907లో ఆ ఫలితాలు ప్రచురించాడు. ఆత్మ బరువు 21 గ్రాములంటారే, ఆ లెక్క అందులో ఒక్కరిదే!

జవాబు 2:
గుండె ఆగి బతికినవాళ్లకి ఏం గుర్తుందో పరిశీలించి 2014లో వచ్చిన అవేర్ అధ్యయనం చూడండి. గుండె ఆగినవి 2,060 కేసులు. కొన్ని ఆసుపత్రి గదుల్లో, పైనుంచి చూస్తేనే కనిపించేలా అరల మీద బొమ్మలు పెట్టారు. తనకు జరిగింది పైనుంచి చూశానని ఒకాయన చెప్పిన వివరాలు సరిపోయాయి కూడా. తీరా ఆయన గుండె ఆగిన చోట అరే లేదు. తేలలేదు, అంతే.

ప్రశ్న అడిగినవారు:
నిజమే, బాబాయి అప్పు తీరుస్తానన్నాడు, అత్తయ్య బూరెలు తెచ్చి పెట్టింది. అప్పుడు రాలేదు. సంవత్సరీకానికి ఎవరు ఏమన్నారో టైముతో సహా రాసుకుంటాను, అమ్మ కంటపడకుండా.