కాబూల్‌లో ఉన్న అమ్మాయి ఆన్‌లైన్‌లో డిగ్రీ చేయాలంటే దారేంటి?

ఉస్మానియాలో నాతో పీజీ చదివిన అఫ్గాన్ స్నేహితురాలి చెల్లెలి కోసం అడుగుతున్నానండీ, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. తాలిబాన్లు 2021లో ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడులు మూసేశారు, 2022 డిసెంబరులో యూనివర్సిటీలు కూడా. ఈ అమ్మాయి పన్నెండో తరగతి అంతకుముందే అయిపోయింది కాబట్టి, మిగిలిన దారి ఇదొక్కటే అని మిడ్‌వైఫ్ కోర్సులో చేరితే 2024 డిసెంబరులో అదీ ఆపేశారు. ఆడవాళ్లు మగ డాక్టరు దగ్గరికి వెళ్లడానికే సవాలక్ష ఆంక్షలున్న చోట రేపు పురుళ్లు ఎవరు పోస్తారు? తలుచుకుంటేనే కడుపు మండిపోతోంది.

ఇప్పుడు తన దగ్గరున్నది ఒక పాత ఫోను. వీడియో క్లాసులు మధ్యలో ఆగిపోతాయి, అందుకని కరెంటు ఉన్నప్పుడు పీడీఎఫ్‌లు దించుకుని చేత్తో నోట్సు రాసుకుంటుంది, డౌట్లు అక్కకి వాయిస్ మెసేజ్ పెడుతుంది.

పూర్తిగా ఆన్‌లైన్‌లోనే నడిచే అమెరికా విశ్వవిద్యాలయం యూనివర్సిటీ ఆఫ్ ది పీపుల్‌లో అఫ్గాన్ అమ్మాయిలకు స్కాలర్‌షిప్ ఉందని చూశాం. అక్కడ హెల్త్ సైన్స్ చదివినవాళ్లెవరైనా ఉన్నారా? నెట్ సరిగా లేకపోతే పరీక్షలు ఎలా రాస్తారు? సగంలో ఆగిన కోర్సుకి ఏమైనా క్రెడిట్లు ఇస్తారా? మన ఇగ్నోలో అక్కడి నుంచే చేరే వీలుందా? ఇంకోటి, తన పేరు, ఫొటో ఎక్కడా బయటికి రాకూడదు, అలాంటి దారే చెప్పండి.