వీడియో తీసేశారు, జీఏసీలో (సోషల్ మీడియా కంపెనీల నిర్ణయాల మీద అప్పీళ్లు వినే కేంద్ర కమిటీ) అప్పీలు పోవడం లేదు. ఎవరికన్నా తెలుసా?

అల్లూరు రైతు: పొద్దున్నుంచి దీంతోనే తంటాలు పడతా ఉండా. రొయ్యల గుంటల నీళ్లు పంటకాలవలోకి వదిలే వీడియో మా పేజీలో పెడితే తీసేశారు. జీఏసీ పోర్టల్లో అప్పీలు నింపతా ఉంటే ఫిర్యాదు వివరాల దగ్గరే ఆగిపోతా ఉంది. ఏం వేసినా తీసుకోవడం లేదు.

పెన్నా ఒడ్డు: ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకి, అంటే ఫిర్యాదులు చూసే అధికారికి, పెట్టారా?

అల్లూరు రైతు: యాప్‌లో రివ్యూ బటన్ నొక్కినా కదన్నా.

పెన్నా ఒడ్డు: అది లెక్కలోకి రాదు.

ఒంగోలు గిత్త: 2021 ఐటీ రూల్స్ ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసరు పేరు, అడ్రసు కంపెనీ సైటులో ఉండి తీరాలి. అక్కడ ఫిర్యాదు పెడితే 24 గంటల్లో అందినట్టు జవాబివ్వాలి. పోర్టల్ అడిగేది ఆ ఫిర్యాదు వివరాలే. ఆఫీసరు జవాబు అందిన 30 రోజుల్లోపు అప్పీలు వేయాలి. ఫిర్యాదులో పేజీ లింకు కాకుండా ఆ వీడియో యూఆర్ఎల్ పెట్టండి. పేజీ లింకు ఒక్కటే పెడితే ఏ వీడియో గురించో వాళ్లకు తెలియదు.

సంతపేట వకీలు: అసలు మన వాక్కుకి పునాది ఐటీ చట్టం 66ఎ మీద సుప్రీంకోర్టు తీర్పు. ఆన్‌లైన్లో పెట్టిన మాటలకి కేసు కట్టే సెక్షన్ అది. 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ ఆ సెక్షన్ కొట్టేశారు. కొట్టేసిన తర్వాత కూడా స్టేషన్లలో దాని కింద కేసులు కట్టారు. ఇది ప్రతి ఊళ్లో తెలియాల్సిన సంగతి.

పెన్నా ఒడ్డు: ఆయన మీద కేసు లేదు సార్.

ఒంగోలు గిత్త: రైతన్నా, వీడియో పూర్తిగా పోయిందా, ఇండియాలోనే కనపడడం లేదా? బయటి దేశంలో ఉన్నోళ్ల చేత లింకు తెరిపించండి.

అల్లూరు రైతు: కువైట్లో మా బావమరిదికి వస్తా ఉంది. మెయిల్లో పోలీసు శాఖ నుంచి చట్టపరమైన అభ్యర్థన అని కూడా ఉండాది.

ఒంగోలు గిత్త: ఆ మాట మొదటే చెప్పాల్సింది. కంపెనీ తన నిబంధనల కింద తీసుంటే దారి వేరు. ఇది సర్కారు చెబితే తీసింది. జీఏసీ చూసేది గ్రీవెన్స్ ఆఫీసరు నిర్ణయాన్ని, పోలీసు ఆర్డరును కాదు.

సంతపేట వకీలు: ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద సర్కారు చేయించే బ్లాకింగ్ అయితే రహస్యం. కాపీ ఇవ్వరు.

ఒంగోలు గిత్త: 69ఎ అధికారం కేంద్రానిది. దేశ భద్రత, ప్రజా శాంతి లాంటి కారణాలుండాలి, పరువునష్టం అందులో లేదు. రాష్ట్ర పోలీసులు పంపేది అదే చట్టం 79(3)(బి) కింద, అంటే సర్కారు చెప్పినాక తీయకపోతే కంపెనీకి చట్ట రక్షణ పోతుందనే క్లాజు. మీరు చెప్పే రహస్యం 2009 బ్లాకింగ్ రూల్స్‌లోని 16వ రూలు, దీనికి అంటదు. 2025 నవంబరు 15 నుంచి పోలీసుల తరఫున డీఐజీ హోదాకి తగ్గని, ప్రత్యేకంగా అధికారమిచ్చిన ఆఫీసరే పంపాలి. ఏ సెక్షను, ఏ తప్పు, ఏ యూఆర్ఎల్ అన్నది అందులో రాయాలి. స్టేషన్ నుంచి వచ్చిన ఉత్తరం చాలదు.

సంతపేట వకీలు: మీరు దాన్ని ఆర్డరంటే నేను ఒప్పుకోను. కర్ణాటక హైకోర్టు 2025 సెప్టెంబరు 24న ఇలాంటి నోటీసులు కంపెనీలకు పంపే సహయోగ్ పోర్టల్‌ని సమర్థించినా సరే, కోర్టు ముఖం చూడకుండా మాట తీసేయడం బ్లాకింగే.

పెన్నా ఒడ్డు: పేరు సంగతి తర్వాత. ఆయన ఇప్పుడేం చేయాలి?

ఒంగోలు గిత్త: మెయిల్‌కి జవాబుగా ఆర్డరు కాపీ, నెంబరు, పంపిన ఆఫీసరు హోదా అడగండి. అదే గ్రీవెన్స్ ఆఫీసరుకి కూడా పెట్టండి. ఎస్పీ ఆఫీసుకి 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో ఆర్టీఐ వేయండి, గడువు 30 రోజులు. దర్యాప్తు నడస్తా ఉందని నిరాకరించొచ్చు, ఆ నిరాకరణ కాయితం కూడా దాచుకోండి. హోదా తక్కువైనా, కారణం రాయకపోయినా హైకోర్టులో రిట్ వేయడానికి అదే గట్టి పాయింటు. ఖర్చు భరించలేకపోతే నెల్లూరు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి. ఒరిజినల్ ఫైలు తీసిన ఫోన్లోనే ఉంచండి. వాట్సాప్‌లో పంపితే కుదించుకుపోయి తేదీ వివరాలు పోతాయి. కోర్టుకి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను సర్టిఫికెట్‌లో హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడు) కావాలి, అది ఒరిజినల్‌దే అయ్యుండాలి.

అల్లూరు రైతు: వీడియో కొంచెం కత్తిరించి మళ్లీ పెడితే?

పెన్నా ఒడ్డు: వద్దు. పేజీ పోద్ది.

సంతపేట వకీలు: 79(3)(బి) పరిధిని 66ఎ తీర్పులోనే కుదించారు. ఆ పేరాలు రేపు పెడతా.

అల్లూరు రైతు: మెయిల్ పెట్టేసినా. థ్యాంక్స్ అన్నా.