"లావొక్కింతయు" పద్యంలో మన్నింపందగున్ అంటే క్షమించమనేనా?

అందరికీ నమస్కారం. పోతన గజేంద్రమోక్షంలో మూడో పాదం "నీవే తప్ప నితఃపరం బెఱుఁగ మన్నింపందగున్ దీనునిన్" అని ఉంది కదా. ఇక్కడ ఏనుగు ఏం తప్పు చేసిందని క్షమించమంటోంది? మొసలి పట్టుకుంటే దీని తప్పేముంది అసలు.

ఎందుకు అడుగుతున్నానో కూడా చెప్తా. పోయినేడాది నాకు డిప్రెషన్ బాగా ముదిరింది, నిద్ర లేదు, స్నానానికి లేవాలన్నా గంట పట్టేది, ఎవరు ఫోన్ చేసినా "ధైర్యంగా ఉండు" అనేవాళ్ళు. అది వినగానే ఇంకా నీరసం వచ్చేది. చిన్నప్పుడు బట్టీ పట్టిన ఈ పద్యం ఓ రాత్రి మూడింటికి దానంతట అదే నోట్లోకొచ్చింది. బలం లేదు, ధైర్యం ఊగిపోతోంది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వచ్చింది, ఒళ్ళు డస్సింది... అరే ఇది నా లిస్టే కదా అనిపించింది! అప్పట్నుంచి రోజూ చదువుతున్నా, కానీ "మన్నింపందగున్" దగ్గరికి రాగానే నా తప్పులన్నీ గుర్తొచ్చి ఏడుపొచ్చేది.

—

మంచి ప్రశ్నండీ. మన్నించు అంటే ఇప్పుడు మనకి క్షమించు ఒక్కటే మిగిలింది గానీ పాత తెలుగులో ఆదరించు, గౌరవించు అనే అర్థాలు కూడా గట్టిగా ఉన్నాయి. "మన్నన" అంటాం చూడండి, పదిమంది మన్ననలు పొందాడు అంటే పదిమంది క్షమించారని కాదుగా 🙂 దీనుణ్ణి ఆదరించడం నీకు తగిన పని అంటోంది ఏనుగు. నా లెక్కలో ఇక్కడ తప్పు ఒప్పుకోలు లేదు. లావు కూడా ఇలా మారిపోయిన మాటే, అప్పుడు బలం, ఇప్పుడు ఒళ్ళు రావడం. మా బడిలో సగంమంది "ఏనుగుకి లావు లేకపోవడమేంటి సార్" అని నవ్వేవాళ్ళం.

—

ఒక్క మాట కలుపుతా. క్రియలు చూడండి, తప్పెను, వచ్చెన్, డస్సెన్ అన్నీ అయిపోయినవి, "శ్రమంబయ్యెడిన్" ఒక్కటే వేరు, అవుతోంది అని. అంటే ఇంకా జరుగుతూనే ఉంది, ఇప్పుడే, పిలుస్తున్న ఈ క్షణంలో కూడా. ఇంకోటి, బలాన్ని "లేదు" అన్నాడు గానీ ధైర్యాన్ని లేదనలేదు, "విలోలం" అన్నాడు, అంటే కదులుతోంది, ఊగుతోంది అంతే. ఈ పద్యం శార్దూలం, అందులో పదమూడో అక్షరం దగ్గర యతి పడాలి, అంటే ఆ అక్షరం పాదం మొదటి అక్షరంతో కలవాలి, కాబట్టి లా-కి లం కావాల్సి వచ్చింది అని ఎవరైనా అంటారేమో, సరే, యతి కోసమే తెచ్చినా తెచ్చింది ఎంత మంచి మాటో.

—

ఏమనుకోకండి, పద్యాలతో డిప్రెషన్ తగ్గుతుందని పోస్టులు పెడితే నాకు భయం. మా ఇంట్లో ఒకరికి పూజలు, పారాయణాలు అని రెండేళ్ళు గడిపేశాం, డాక్టర్ దగ్గరికి లేటుగా వెళ్ళాం.

—

(పోస్టు పెట్టింది నేనే) లేదండీ, మీరన్నది నిజం. నేను మాత్రలు వాడుతున్నా, కౌన్సెలింగ్‌కి కూడా వెళ్తున్నా. డాక్టర్ గారు మొదటిసారి "ఏమవుతోంది" అని అడిగితే నాకు మాట రాలేదు, ఏం చెప్పాలో తెలీలేదు, చివరికి "ఠావులు తప్పినట్టు ఉంది సార్" అన్నా. ఆయనకి పద్యం తెలుసు, రెండో పాదం ఆయనే పూర్తి చేసి, పెన్ను తీసి నిద్ర సంగతి అడగడం మొదలెట్టారు. పద్యం నాకు చేసిన సాయం అదీ.

—

దీనికి ముందు వచ్చే "కలఁడో లేఁడో" కూడా చూడండి. దీనుల పక్కన ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు, ఆ ఉన్నాడనేవాడు ఉన్నాడో లేడో అని. వెయ్యేళ్ళు పోరాడాక అనుమానం రాకపోతేనే ఆశ్చర్యం. భక్తి ఉన్నవాడికి డిప్రెషన్ ఏంటి అనేవాళ్ళకి నేను ఇదే చూపిస్తా. రామదాసు అయితే జైల్లో ఏకంగా తిట్టేశాడు, తిట్టి మళ్ళీ దెబ్బలు తట్టుకోలేక తిట్టానయ్యా అన్నాడు. అనుమానం, కోపం రెండూ పద్యంలోనే పెట్టుకున్నారు మనవాళ్ళు.

అన్నట్టు పేపర్లలో డిప్రెషన్‌ని "కుంగుబాటు" అంటున్నారు, పొద్దు కుంగడం, నేల కుంగడం అంటాం కదా అదే కుంగు. మడుగులో ఏనుగుకి ఇంతకన్నా సరిపోయే మాట ఉందా?

—

కుంగుబాటు బావుంది. మన్నన సంగతి చెప్పినవారికి చాలా థాంక్సండీ, రాత్రి చదివినప్పుడు ఆ పాదం దగ్గర ఆగలేదు, సీదా "రావే యీశ్వర"కి వెళ్ళిపోయా.